తాళంచెవి ఎవరి జేబులో ఉండాలె

రాకెట్ నేరుగా వెళ్తుందా లేదా అన్న విషయంలో ఆ ఆదివారం నాకు ఏ అనుమానమూ లేదు. అట్ట గొట్టం నేనే చుట్టాను, రెక్కలు నేనే కోసి అతికించాను. రాకెట్ నడుముకు దారం కట్టి డాబా మీద గిరగిరా తిప్పితే ముక్కు ముందుకే పెట్టి తిరిగింది. డిగ్రీలో చదివిన ఫిజిక్స్ పెళ్లయ్యాక నాకు పనికొచ్చింది ఇక్కడే. మందు కూరిన మోటారు మాత్రం హైదరాబాద్‌లో ఈ సరదా ఉన్నవాళ్ల దగ్గర రెడీమేడ్‌గా తెచ్చుకున్నాను.

నా భయమంతా ఐదేళ్ల నా బిడ్డ గురించి. ఈసారి బటన్ తనే నొక్కుతుందని మాటిచ్చాను. పదిహేను అడుగుల దూరం చాలని మోటారుతో వచ్చిన కాగితంలో ఉంటే, నేను ముప్పై అడుగుల వైరు వేశాను. బటన్ ఉన్న డబ్బాకు చిన్న తాళంచెవి ఉంటుంది, అది పెడితేనే కరెంటు పారుతుంది.

కాలనీ వెనక ఖాళీ జాగాలో స్టాండు పెట్టాను. మా నాన్న, బాపు కూడా వచ్చాడు. బొగ్గుబాయిలో మందు పెట్టి పేల్చే షాట్‌ఫైరర్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు.

"తారజువ్వకు ఇంత వైరా బిడ్డా?"

"తారజువ్వ యాడ పడ్తదో తెల్వది బాపు. ఇది గొడుగు ఇప్పుకొని దిగుతది."

"మీ అత్త ఇంటి మీద దిగకుంటె సాలు."

బిడ్డ అంకెలు వెనక్కి లెక్కపెట్టి నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. అయినా ఏమీ లేదు. ఒక నిమిషం ఆగి, వైరు కొస ఊడిందేమోనని స్టాండు దగ్గరికి పోయి వంగాను.

"తాళంచెవి ఏది?" బాపు అడిగాడు. గొంతు పెద్దగా కూడా లేదు.

"డబ్బాకే ఉంది."

"మరి నువ్వు ఆడెందుకున్నవ్?"

తలెత్తి చూశాను. డబ్బా బిడ్డ ఒడిలో ఉంది. దాని బొటనవేలు బటన్ మీదే ఉంది. నా ముఖం రాకెట్‌కు మూరెడు దూరంలో ఉంది. బిడ్డకేమవుతుందోనని అన్నీ లెక్కేసుకున్నాను. దాని చేత్తో నాకేమన్నా అయితే అది బతుకంతా ఏం మోయాల్సి వచ్చేదో ఆ లెక్కలో లేదు.

బాపు అప్పటికే తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"పేల్చే డబ్బా హ్యాండిల్ బాయిల ఎవ్వనికియ్యలే. మందు కాడికి పోయేటోని జేబులనే ఉండాలె అది. ఓసారి మా మీది ఆఫీసరు, ఓవర్‌మన్ అడిగిండు. నా పెండ్లాం అడిగినా ఇయ్య అన్న."

"అమ్మ ఎప్పుడన్న అడిగిందా?"

"మీ అమ్మ అడగది. గుంజుకుంటది."

నవ్వాను గాని, అన్నీ సర్దేసి ఇంటికి పోదామనిపించింది.

"ఇంక నొక్కద్దా అమ్మా?" అంది బిడ్డ.

వైరు కొస నిజంగానే ఊడింది. అది బిగిస్తే చాలు. ఇంకేదీ తప్పు లేదు. బాపు దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని నా కుర్తా జేబులో వేసుకున్నాను. పోయి వైరు బిగించి, వెనక్కి వచ్చి, బిడ్డ పక్కన కూర్చున్నాకే డబ్బాకు పెట్టాను.

"ఇప్పుడు నొక్కు."

బుస్సుమని లేచింది. నేననుకున్నట్టే నేరుగా పోయింది, ఎంత పైకంటే తలెత్తి చూస్తున్న బాపు నెత్తి మీది తువ్వాల జారి కింద పడింది. గొడుగు విప్పుకుని తుమ్మచెట్ల వైపు దిగుతుంటే బిడ్డ చేయి విడిపించుకుని ఉరికింది. తాళంచెవి పీకి జేబులో వేసుకుని నేనూ దాని వెనకే ఉరికాను.