వంతెన మీద మామ్మ

వాకర్ హాల్లోనే ఉంది. మామ్మ లేదు. తలుపు తీసి లోపలికొచ్చిన నాకు ముందు ఆ వాకరే కనబడింది. అది లేకుండా ఆవిడ బాత్రూమ్‌కి కూడా వెళ్లదు.

అప్పట్లో మేం పరదేశంలో, టార్నీట్ అనే శివారు కాలనీలో ఉండేవాళ్లం. నేను టౌన్ ప్లానింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. పిల్లలిద్దరూ స్కూలుకెళ్లాక, వెనక వీధిలో ఉండే లిథువేనియా మామ్మకి తోడుగా కూర్చునేదాన్ని. ఆవిడకి తొంభై దగ్గరపడ్డాయి. కొడుకు డ్యూటీ నుంచి మూడింటికి వచ్చేవాడు. ఊళ్లు ఎలా పుడతాయన్న అసైన్‌మెంట్ ఒకటి నా నెత్తిమీద ఉండేది. అందుకని ఆవిడ ఊరి గురించి గుచ్చిగుచ్చి అడిగేదాన్ని.

సూపర్‌మార్కెట్ కాగితాల వెనక గీసి చూపించేది. రెండు వాగులు కలిసే చోట ఊరు. మధ్యలో సంత, చర్చి. దాన్ని నా నోట్సులో సంతపేట అని రాసుకున్నాను. వంతెన దాటితే మిల్లుపేట. ఉత్తరాన దిబ్బపేట, అక్కడ ఇళ్లు తక్కువ, గడ్డి ఎక్కువ. ఊరు మొదలైంది ఆ దిబ్బ మీదేనట. చెక్కకోట ఉండేది. సిలువ గుర్తు తొడుక్కున్న యోధులు వచ్చి తగలబెట్టేవాళ్లు, వీళ్లు మళ్లీ కట్టుకునేవాళ్లు. సిలువ వేసుకునా అని రెండుసార్లు అడిగాను. కాకినాడలో ఏళ్లతరబడి సండే స్కూలుకెళ్లినదాన్ని, నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు.

"మాకూ చర్చిలో చెప్పలేదులే, మా నాయనమ్మ చెప్పింది" అని నవ్వింది మామ్మ.

శత్రువు వస్తున్నాడంటే కోట ముందున్న వంతెన పలకలు పీకేసేవాళ్లట. కానీ ఎవరైనా తిరిగొస్తానని చెప్పి వెళ్లి ఉంటే, వాళ్ల మనిషి ఒకరు వెళ్లి వంతెన మీద నిలబడొచ్చు. నిలబడి ఉన్నంతసేపూ పలక తీయరు. ఇది చరిత్రో నాయనమ్మ కథో తెలీక అసైన్‌మెంట్‌లో పెట్టలేదు.

ఆ రోజు పదకొండింటికి, యూనివర్సిటీ లైబ్రరీ పుస్తకం ఇచ్చి అరగంటలో వచ్చేద్దామని లేచాను. "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. గడప దాటుతూ ఒట్టి 'వెళ్తాను' అనం కదా మనం, ఇంగ్లీషులోనూ నాకా అలవాటు పోలేదు. మిగతా రోజుల్లో ఆ మాట కొడుకు వచ్చాకే అనేదాన్ని. ఆ రోజు ఇంట్లో ఇంకెవరూ లేరు. యూనిలో గ్రూపు వాళ్లు పట్టుకుని కూర్చోబెట్టేశారు. తిరిగొచ్చేసరికి రెండు.

గదులన్నీ చూశాను, పెరడు చూశాను. వంటింటి బల్లమీద ఆవిడ గీసిన ఊరు కనబడింది, వాగు, దాని మీద వంతెన. మా కాలనీ వెనకా ఓ వాగుంది, దాని మీద చెక్క వంతెన ఉంది. రెండు రోజులుగా వాన.

పరిగెత్తాను.

నైటీ మీద, తడిసిన ఇంటిచెప్పులతో, కమ్మీ పట్టుకుని వంతెన నడిమధ్యన నిలబడి ఉంది. నీళ్లు పలకల్ని తాకుతున్నాయి. వంతెన మూసేయడానికి వచ్చిన పనివాడు గట్టున నిలబడి బతిమాలుతున్నాడు.

"మీ మనిషేనా? చెయ్యేస్తే అరుస్తోంది. ఎవరో రావాలిట, అప్పటిదాకా దిగదట" అన్నాడు.

వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. పెదాలు నీలంగా అయిపోయాయి.

"వస్తానన్నావుగా. పలకలు తీయడానికొచ్చాడు. నేను తీయనివ్వలేదు" అంది.

ఆవిడ్ని వాటేసుకుని గట్టుకి తీసుకొచ్చాను. అంబులెన్సులో కూడా నా చెయ్యి వదల్లేదు. బతికింది. కొడుకు ఆ వాకర్ తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టాడు, నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున పిల్లలు బ్యాగులు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డారు. 'వెళ్లొస్తాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఇద్దరి ముందూ కూర్చుని చెప్పాను.

"అమ్మ యూనికి వెళ్తోంది. మూడుంపావుకి స్కూలు గేటు దగ్గరుంటాను. లేటైతే నన్ను వెతుక్కుంటూ మాత్రం రావద్దు. టీచర్ దగ్గరే, లోపలే ఉండండి."