మురికెక్కువైన కాగితాలు

వీధిలో అందరూ ఆమెను గాలమ్మ అంటారు. కాలుష్య నియంత్రణ కార్యాలయంలో ఆరేళ్లుగా ఆమె చేసేది ఒకటే పని. బండలు కోసే మిల్లుకు ఎదురుగా ఉన్న మేడ మీద, గాలి పీల్చే యంత్రంలో ఉదయం ఆరింటికి తెల్ల కాగితం పెట్టడం, మర్నాడు ఆరింటికి దాన్ని తీసి తూకం గదికి పంపడం. కాగితం ఎంత బరువెక్కితే గాలిలో అంత దుమ్మున్నట్టు. యాభై రెండు మెట్లు. మెట్లు సర్కారువి, మోకాళ్లు ఆమెవి.

ఆమె కాపురం ఆ మిల్లు పక్కింట్లోనే. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. అయినా కంచాల మీద, దిండ్ల మీద పిండిలా దుమ్ము పడుతుంది. అత్తగారికి ఉబ్బసం. ఏడాది సగటు హద్దు దాటితే మిల్లు రంపాలు ఆపించవచ్చని నిబంధన ఉంది. ఆ ఆశతోనే గాలమ్మ ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. జ్వరం వచ్చినా ఎక్కింది.

తీరా ఏడాది నివేదిక మొదటిసారి ఆమె చేతికి వస్తే, ఈ వీధి గాలి సంతృప్తికరం అని ఉంది. అత్తగారు రెండుసార్లు చదివించుకుని, ఈ రాసినాయన ముక్కు ఎక్కడ పెట్టి రాశాడో కనుక్కుని రమ్మంది.

గాలమ్మకు ఒళ్లు మండి తిన్నగా తూకం గదికి వెళ్లింది. తూకం గుమాస్తా చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కడిగిపారేయొచ్చు. అతను ఓపిగ్గా నిబంధనల పుస్తకం తెరిచి చూపించాడు. కాగితం అరగ్రాము కంటే ఎక్కువ బరువెక్కితే చేతిమట్టి అంటిందనో, వాన తగిలిందనో అనుకుని రద్దు చేయాలట. ఇరవై ఏళ్ల కిందట ఎవరో మహానుభావుడు రాసిపోయాడు. ఆమె పంపినవాటిలో సగానికి పైగా అలాగే చెత్తబుట్టలోకి పోయాయి. మిగిలినవి మిల్లుకు సెలవున్న రోజులవీ, వాన పడ్డ రోజులవీ.

"అంటే దుమ్ము మరీ ఎక్కువుంటే దుమ్ము లేనట్టా?"

"లేనట్టు కాదమ్మా, తెలియనట్టు," అన్నాడు గుమాస్తా.

అతనితో వాదించి లాభం లేదు. ఒక్కో కాగితం ఎంతసేపు ఉంచాలో పుస్తకంలో వెతికించింది. రోజుకు మించకూడదని ఉంది గానీ, తగ్గకూడదని లేదు. మర్నాటి నుంచి గాలమ్మ రోజుకు మూడు కాగితాలు మార్చింది. ఒక్కోటీ అరగ్రాముకు లోపే కాబట్టి ఒక్కటీ రద్దు కాలేదు. మూడూ కలిపితే మాత్రం గ్రాము దాటింది. నెలరోజులు అలా ఎక్కి దిగి మోకాళ్లకు కాపడం పెట్టుకుంది.

ఆ లెక్క పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళితే, ఆయన చాలా బాగుందన్నాడు. ఇన్నాళ్లూ ఇలా ఎందుకు చేయలేదని ఆమెనే అడిగాడు. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మిల్లుకు నోటీసు ఎప్పుడిస్తారని అడిగింది.

"నెల లెక్కతో ఇవ్వలేం కదమ్మా. ఏడాది సగటు కావాలి. పాతవెలాగూ రద్దయిపోయాయి, ఈ నెల నుంచి మొదలెడదాం."

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని ఆయాసపడుతోంది. ఆపుతున్నారా అని చేత్తో సైగ చేసింది. ఇంకా పదకొండు నెలలు పడుతుందని గాలమ్మ ఆమె ముఖం చూడకుండా చెప్పింది.

అత్తగారికి మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"సరేలేవే. అందాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాలే."

గాలమ్మకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. రెండో కాగితం మార్చే వేళయింది. కొంగుతో ముఖం తుడుచుకుని మేడవైపు నడిచింది.