ఎడమకు వాలిన ముడులు

మాది హనుమకొండలో ఆటవస్తువుల దుకాణం. బంతులు, బ్యాట్లు బయటినుంచి వస్తాయి. వాలీబాల్ వలలు మాత్రం హసన్‌పర్తి అవతలి ఊళ్లో ఒకావిడ ఇంట్లోనే అల్లి ఇస్తుంది. వచ్చిన సరుకు చూసి తీసుకోవడం నా పని. మా ఆయన నన్ను పోలీసమ్మ అని ఏడిపిస్తాడు. అననివ్వండి, చేత్తో తడిమి చూడనిదే ఏ వలనూ నేను లోపల పెట్టనివ్వను.

మూడేళ్ల కిందట, స్కూళ్ల పోటీల ముందు, వలలు చకచకా వచ్చాయి. ముడులు చిన్నగా, ముద్దుగా ఉన్నాయి. "ఇంత మంచిగ ఎన్నడల్లలే గదా అక్కా!" అని మురిసిపోయి ఇంకో ఆరు చెప్పాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆరూ తెచ్చిన రోజు ఒకదాన్ని వెలుగుకు పట్టి చూశాను. సగందాకా ముడులన్నీ కుడికి వాలి, అక్కడినుంచి ఎడమకు తిరిగాయి.

"ఇది ఎవలల్లిన్రు అక్కా?"

"నేనొక్కదాన్నే."

"సగం వల కాంగనే నీ చెయ్యి మారిందా?"

ఆవిడ గబగబా వల మడిచి పక్కన పెట్టేసింది.

మర్నాడు స్కూటీ తీసి, చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లాను. బడి వేళ. గుంజకు కట్టిన వల ముందు వాళ్లమ్మాయి కూర్చుంది. పదకొండేళ్లుంటాయి. ఎడమచేత్తో ముడి మీద ముడి వేస్తోంది. వేళ్ల సందుల్లో దారం కోసిన గీతలు. నాకు ఒళ్లు మండింది. వాళ్లమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను.

"పని బందు పెట్టకు అక్కా," అని ఆవిడ ఏడ్చింది. "మంచిగున్నయ్, ఇంకా గావాలె అన్నది నువ్వే గదా? నేనొక్కదాన్నే అల్లుతే గన్ని ఏడయితయ్?"

నా తిట్లు నాకే తగిలాయి. మెచ్చుకున్నదీ నేనే, తొందరపెట్టిందీ నేనే.

పని ఆపలేదు. కూలి పెంచాం, తొందరపెట్టడం మానేశాం. పిల్ల రోజూ బడికి పోవాలి, దారం ముట్టకూడదు, అంతే షరతు. మా ఆయన రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు.

మొన్న వాళ్ల ఊరి బడి మైదానంలోనే వాలీబాల్ పోటీలు జరిగాయి. కట్టిన వల మాదే. జట్టులో ఆ పిల్ల! నేనూ వాళ్లమ్మా పక్కపక్కనే కూర్చున్నాం. పిల్ల కొట్టిన మొదటి బంతి వలకే తగిలి కింద పడింది.

"అయ్యో, గింత గట్టిగ ఎందుకల్లిన్నో!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంటే నేను పడి పడి నవ్వాను.

రెండోసారి పిల్ల ఎగిరి ఎడమచేత్తో కొట్టింది. అవతలివాళ్లు ఎటు కదలాలో తేల్చుకునేలోపే బంతి నేలను తాకింది. అరిచి అరిచి నా గొంతు పోయింది. దుకాణం పెట్టిన ఇన్నేళ్లలో అంత సంతోషం నేనెరగను.

ఆటయ్యాక పీటీ సారు నా దగ్గరికి వచ్చి, వారంలో ఇంకో నాలుగు వలలు కావాలన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"వారంల కాదు సారూ. నెల పడ్తది. అల్లేది నేనొక్కదాన్నే."

సారు నావైపు చూశాడు.

"నెల ఆగండి సార్," అన్నాను.