వద్దనలేని రమ్ము

సరిహద్దు కొండ మీది మా పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ ఉంది, వేడి లేదు. గాలి మొహాన్ని కోసేస్తోంది. మంచులో తవ్విన బంకరు, పైన రేకు, రేకు మీద ఇసుక బస్తాలు. వెనక ఇరవై గజాల దూరంలో రేడియో యాంటెన్నా స్తంభం. మనుషులం ఆరుగురం. అందులో ఇద్దరం జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళం. నాది కద్మా, రేడియో ఆపరేటర్‌ది పర్సుడీహ్. మా తాతలిద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చినవాళ్ళే. ఆపరేటర్ వయసులో చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు.

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ ఆ సాయంత్రమే ఆర్డర్లు చెప్పాడు. కాపలా రెండేసి గంటలు. చేతికి రెండు తొడుగులు, లోపల ఉన్నిది, పైన మందంది. బయట పైది తీయకూడదు. గంటకోసారి కింద బేస్‌తో రేడియోలో మాట. ఆరింటికి రమ్ము.

రమ్ము మాకు రేషన్. పప్పు, బియ్యం, కిరసనాయిలు లాగే లెక్కప్రకారం వస్తుంది. తాగమని ఎవరూ ఆర్డరు వేయరు. కానీ మగ్గు చాపనివాణ్ణి అందరూ తిరిగి చూస్తారు. ఏం, ఒంట్లో బాగాలేదా అంటారు. బాగాలేదంటే పరీక్ష. పరీక్షలో ఏదైనా తేలితే కిందికి దింపేస్తారు, మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, ప్రమోషన్ మీద ఆశ వదులుకోవాలి. అందుకని మా దగ్గర ఆరోగ్యంగా ఉన్నానని చూపించుకోడానికి తాగేవాళ్ళుంటారు. ఇంతకన్నా తలతిక్క పని నేను చూడలేదు.

రేడియో ఆపరేటర్ చేసింది అదే. తండ్రి పోయాక అతనికి నిద్ర లేదు, తిండి సయించడం లేదు. సెలవులో ఊరెళ్ళినప్పుడు సోనారిలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. డిప్రెషన్ అని మాత్రలిచ్చాడాయన. వీటితో మద్యం ముట్టొద్దని స్పష్టంగా చెప్పాడు కూడా. ఈ సంగతి యూనిట్‌లో ఎవరికీ తెలియదు. మేజోడులో దాచుకున్న మాత్ర సాయంత్రం గుటుక్కున మింగేవాడు. తరవాత అందరితో పాటు మగ్గు చాపేవాడు.

ఒక సాయంత్రం మంచు జోరుగా కురిసింది. సుబేదార్ సాబ్ హుషారుగా ఉన్నాడు.

"ఇంకో పెగ్గు పట్టు బేటా. లోపల మంట ఉండాలి" అని అతని మగ్గు నింపాడు.

రేడియో గరగరలాడింది. "మీ మాట తెగిపోతోంది. యాంటెన్నా చూసుకోండి. ఓవర్."

ఆపరేటర్ లేచాడు. కాస్త తూలాడు.

"ఉండ్రా, నేనూ వత్తన్నా" అన్నాను.

"ఎందుకన్నా, ఇక్కడే గదా. ఐసు దులిపీసి వచ్చెత్తాను."

పావుగంటైనా రాలేదు. టార్చి పట్టుకుని వెళ్ళాను. స్తంభానికి ఆనుకుని మంచులో కూర్చుని ఉన్నాడు. కుడిచేతి పై తొడుగు పక్కన పడి ఉంది. లోపలిది తడిసి గడ్డకట్టింది.

"ఏటయ్యింది రా? లే!"

"నిద్దరొత్తంది అన్నా. ఒగ్గీ నన్ను."

మంచు మధ్యలో, ఆ గాలిలో, ఇంట్లో నులకమంచం మీద పడుకున్నవాడిలా అన్నాడు ఆ మాట. భుజాన వేసుకుని తెచ్చాను.

మా ఆరుగురిలో ఒకడైన నర్సింగ్ అసిస్టెంట్ ఆ చేతిని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాడు. తడిబట్టలు విప్పుతుంటే మేజోడులోంచి మాత్రల అట్ట జారింది. అతను దాన్ని దీపం దగ్గర చదివి మా మీద విరుచుకుపడ్డాడు.

"వీటి మీద రమ్మా? ఈ మాత్రలూ మత్తే, రమ్మూ మత్తే. ఒకదాన్నొకటి పెంచుతాయి. రమ్ముతో వెచ్చగా ఉన్నట్టుంటుంది, ఒంట్లో వేడి బయటికి పోతుంది. ఇంకాసేపుంటే ఊపిరే ఆగేది!"

సుబేదార్ సాబ్ అతని మీదికి వంగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే దింపేస్తారు కదా సాబ్" అన్నాడు ఆపరేటర్, కళ్ళు తెరవకుండానే.

మర్నాడు హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రిలో కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మలేరియా వచ్చిందంటే దుప్పటి కప్పుతాం. మనసుకి జబ్బు చేసిందంటే పిరికివాడంటాం. ఆ మాట పడలేక వాడు దాస్తాడు, దాచడానికి తాగుతాడు. పైగా మాత్ర నెలల తరబడి పైకి లాగిన మనసును ఆ తాగుడు మళ్ళీ కిందికి తోస్తుంది. పోస్టులో అయితే తెలియక పోశారు. తెలిసి పోసేవాళ్ళను ఊళ్ళో చూశాను.

నా డ్యూటీ ముగిసి మా ఊరి స్టేషన్ టాటానగర్‌లో దిగిన ఆదివారమే, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అతన్ని చూడ్డానికి పర్సుడీహ్ వెళ్ళాను. అతని అక్క మొగుడు మేక కూర వండించాడు. స్నేహితులు చాప మీద కూర్చున్నారు. మధ్యలో మిలిటరీ క్యాంటీన్ రమ్ము సీసా. మాత్రల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"మిలిట్రీవోడివై ఉండి రమ్మొద్దంతావేట్రా బామ్మర్దీ? ఇయ్యాళకి మాత్ర మానీ. రేపేసుకుందువు" అన్నాడు బావ.

నేను ఆగలేకపోయాను. "ఒక్క పూట మానేత్తే ఒంట్లోంచి పోతాదేటండీ ఆ మాత్ర? ఇష్టమొచ్చినట్టు ఆపితే మనిషి మళ్ళీ మొదటికొత్తాడు. డాక్టర్నడక్కుండా మానమనడానికి మీరెవరు?"

"అరే, ఏక్ పెగ్ సే క్యా హోగా!" ఒక్క పెగ్గుకే ఏమైపోతుందన్నారెవరో. అందరూ నవ్వారు. బావ నవ్వుతూనే సీసా వంచాడు.

"బావా, నాకు మనసు బాగోలేదు. దానికే మాత్రలేసుకుంటన్నాను. నేను తాగను" అన్నాడు ఆపరేటర్. అందరి ముందూ అనడం అదే మొదటిసారి.

అంటూ కుడిచేత్తో గ్లాసు మూశాడు. వేళ్ళు లేని చోట సందు ఉండిపోయింది. రమ్ము అందులోంచి గ్లాసులోకి ధారగా కారింది. అతను చెయ్యి తీయలేదు. బావ సీసా ఎత్తలేదు.