ఒక చుట్టు, రెండు గడియారాలు

పరుగు పందెంలో మనిషి రొమ్ము గీతను దాటిన క్షణాన గడియారం నొక్కాలి. చెయ్యి కాదు, తల కాదు, కాలు కాదు. ప్రొద్దుటూరులో లెక్కల టీచరుగా పనిచేసిన ఇరవై ఏడేళ్లూ బడి ఆటల పోటీలకు గడియారం పట్టుకున్నది నేనే. కాబట్టి ఈ నియమం గురించి నాకు ఏనాడూ అనుమానం రాలేదు. కారుకు రొమ్ము ఎక్కడ ఉంటుందో మాత్రం నాకెవరూ చెప్పలేదు. డెబ్బై ఒకటో ఏట ఆ ప్రశ్న ఎదురైంది. జవాబు ఇంకా దొరకలేదు.

మా అల్లుడు బట్టల వ్యాపారి. వయసు నలభై నాలుగు. మాటలో, బేరంలో నెమ్మది మనిషి. కారు విషయంలో మాత్రం ఆ నెమ్మది ఉండదు. అతని కారు పొడవు నాలుగు మీటర్లకు ఒక సెంటీమీటరు తక్కువ. టేపు పట్టి నేనే కొలిచాను. ఇంటి అవసరాలకని కొన్న కారది. రెండేళ్లు అలాగే వాడారు.

జమ్మలమడుగు బయట ఒక పెద్ద రైతు తన పొలంలో ప్లాట్లు వేసి, చుట్టూ తారు రోడ్డు పోయించాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదు. రోడ్డు మిగిలింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు పదిమంది దాకా చేరి ఆయన్ను అడిగారు. నెలకొక ఆదివారం గేటు మూసి, ఒక్కొక్క కారునే వదులుతారు. నిలబడిన చోటు నుంచి బయలుదేరి ఒక చుట్టు తిరిగి అదే గీత దగ్గరికి రావాలి. చుట్టు పొడవు కిలోమీటరున్నర పైచిలుకు. ఒకరితో ఒకరికి పందెం లేదు. ఎవరి కాలం వాళ్లు తగ్గించుకోవడమే ఆట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రాక్ డే.

ఫోనుల్లో కాలం చూసుకుంటూ ప్రతిసారీ వాదులాడుకునేవారట. "మా అత్తను తోడుకొస్తా. ఆమె సొంత కూతురికి కూడా అర మార్కు కలిపిన మనిషి కాదు" అని మా అల్లుడు అన్నాడట. అలా నేను వెళ్లాను. చర్చిలో మొదటి ఆరాధన ముగించుకొని, గొడుగు, నీళ్ల సీసా, పుస్తకం, పెన్సిలు తీసుకొని ముందు సీట్లో కూర్చున్నాను.

జనవరిలో, ఏ మార్పూ చెయ్యని కారుకు వచ్చిన కాలం ఒక నిమిషం ముప్పై ఏడు పాయింట్ రెండు. గడియారం వందో వంతు కూడా చూపిస్తుంది. కానీ మనిషి వేలు అంత కచ్చితం కాదు గనక పై పదో వంతుకు పెంచి రాయడం నా పద్ధతి.

ఫిబ్రవరికి పులివెందుల మెకానిక్కు ఒకాయన గాలి ఫిల్టరూ సైలెన్సరూ మార్చాడు. కారు బయలుదేరుతుంటే నా గుండెల్లో అదిరింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్లంతా ఈలలు వేశారు. చుట్టు ముగిసింది. అల్లుడు అద్దం దించాడు.

"ఎంతత్తా?"

"ఒకటీ ముప్పై ఏడూ ఆరు."

"పోయినసారి?"

"ముప్పై ఏడూ రెండు."

మెకానిక్కు నమ్మలేదు. "టీచరమ్మా, గడియారం ఒకసారి ఇట్లియ్యి. ఆ సౌండు ఇన్యావు గదా. అది నిదానంగా పొయ్యే సౌండేనా?"

"సౌండుకు మార్కులు లేవప్పా" అన్నాను.

నిజం చెప్పాలంటే నాకూ కారు వేగంగా పోయినట్టే అనిపించింది. చెవి ఒకటి చెప్పింది, గడియారం ఇంకొకటి చెప్పింది. గడియారాన్నే రాశాను.

మార్చిలో రెట్టింపు వెడల్పు ఉన్నట్టు కనిపించే టైర్లు వేశారు. అదే వారంలో స్ప్రింగులు మార్చి కారును రెండు అంగుళాలు కిందికి దించారు. ముప్పై మూడూ నాలుగు వచ్చింది. అందరూ నన్ను చూసి నవ్వారు. నేను మాత్రం అయోమయంలో పడ్డాను.

"టైర్లకు తగ్గిందా, స్ప్రింగులకు తగ్గిందా?" అని మెకానిక్కును అడిగాను.

"ఏదైతే ఏందమ్మా. తగ్గింది గదా."

"ఒక నెల టైర్లు, ఒక నెల స్ప్రింగులు మార్చింటే తెలిసిండేది గదప్పా. ఈ రోడ్డు మీద మా అల్లునికి ఇది మూడో నెల. ఆ మూల యాడ తిప్పల్లో ఇప్పుడు ఆయప్పకు తెలుసు. తగ్గింది దానికేమో?"

"అట్లయితే నాకు దుడ్లెందుకిచ్చినట్టు?" అన్నాడు మెకానిక్కు. మా అల్లుడు కూడా నవ్వాడు.

కారు కిందికి దిగిన బాధ ఇంట్లో మొదలైంది. మా వీధి నుంచి మైదుకూరు రోడ్డు చేరేలోపల ఏడు స్పీడు బ్రేకర్లు. ఒక్కొక్కదాని ముందూ మా అమ్మాయి దిగాలి, అతను కారును ఏటవాలుగా దాటించాలి, ఆమె మళ్లీ ఎక్కాలి. ఏప్రిల్లో వెనక సీటు పీకేశారు. సీటు, స్టెప్నీ, జాకీ, కింద పరిచిన గుడ్డ, అన్నీ కలిపి కాటా మీద నలభై ఒక్క కిలోలు. కాలం ముప్పై ఒకటీ ఎనిమిదికి దిగింది. ఆ నెలలోనే మేము కారు ఇంటి ముందు పెట్టుకొని ఆటోలో పెళ్లికి పోయాం.

పొలం రైతు ఆ నెల నుంచి రెండో గడియారం పెట్టించాడు. దాన్ని పట్టుకున్న పెద్దాయన తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలకు ఏళ్ల తరబడి అంపైరు. సీటు లేని కారు చూసి ఆయన తల ఆడించాడు.

"మాకాడ ఎంత బరువు లాగితే అంత పేరు టీచరమ్మా. ఈళ్లేంది, ఉండే బరువు దించుకుంటాండారు?"

"నాకూ అర్థం కాలేదన్నా" అన్నాను. "సీటు తియ్యకుండా డ్రైవరు పది కిలోలు తగ్గినా అయ్యేది."

"ఇనపడిందత్తా" అన్నాడు మా అల్లుడు కారులో నుంచి.

మే, జూన్, జులై మూడు నెలలూ కాలం కదల్లేదు. ముప్పై ఒకటీ తొమ్మిది, ముప్పై రెండూ సున్నా, మళ్లీ ముప్పై ఒకటీ ఎనిమిది. పెద్దాయన గడియారం ప్రతిసారీ నా దానికంటే కొంచెం ఎక్కువే చూపేది, ఆయన వేలు నెమ్మదనుకొని ఎక్కువదే రాశాను. ఎండకు ఇంజిను మందగిస్తుందని కొందరు, టైర్లు అరిగాయని కొందరు చెప్పారు. అతను ముప్పైలోపల వస్తానని ఇంట్లో రోజూ అంటూనే ఉన్నాడు. ఆగస్టులో ఒక ఉదయం మా అమ్మాయి ఇడ్లీ వడ్డిస్తూ గరిటె కింద పెట్టింది.

"ఒక మాట చెప్పు. ముప్పైలోపల వస్తావా, రావా?"

"వస్తా."

"దసరాలోపల రా. మా అమ్మ గడియారంలో. ఒక్కసారి వస్తే సాలు, ఆ కారు జోలికి నేను మల్లా రాను. రాకుంటే అమ్మేసి, మనుషులు కూచునే కారు తెచ్చుకుందాం. ఒప్పుకుంటావా?"

అతను పళ్లెం పక్కకు జరిపి, "ఒప్పుకుంటాండా" అన్నాడు. ఆ కారు అమ్మడమంటే అతనికి చిన్న మాట కాదు. చిన్నప్పటి నుంచి దుకాణం గల్లా ముందు కూర్చున్న మనిషి. నెలకొక ఆదివారం ఆ నిమిషమున్నరే అతని సొంతం.

ఆగస్టు ఆట వానకు ఆగిపోయింది, దసరాకు ముందు మిగిలింది సెప్టెంబరు ఆదివారం ఒక్కటే. ఆ రోజు మెకానిక్కు ల్యాప్‌టాప్ తెచ్చి, కారులో ఒక వైరు గుచ్చి కూర్చున్నాడు.

"ఏం మారుస్తాండావప్పా?"

"లెక్కలేనమ్మా. పెట్రోలు ఎప్పుడు పడల్ల, ఎంత పడల్ల, అని."

"ఏదీ, సూపియ్యి."

తెర నా వైపు తిప్పాడు. గడుల నిండా అంకెలు. ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క వరుస కూడా దేనికో చెప్పలేకపోయాను. ఈసారైనా ఒక్కటే మార్చినందుకు సంతోషపడ్డాను.

కారు ముందు బంపరు గీత మీద పెట్టారు. బయలుదేరమని సైగగా తువ్వాలు దించారు. ఇద్దరం ఒకేసారి నొక్కాం. మొదటి మూల తిరిగేటప్పుడు వెనక భాగం కొంచెం జారింది, సర్దుకుంది. అవతలి వైపు పోయాక దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. చివరి మూల దాటి నేరుగా మా మీదికి వచ్చేటప్పుడు నా కన్ను గీత మీదే ఉంది. కారు ముక్కు గీతను దాటింది. నొక్కాను. నా పక్కన రెండో గడియారం చప్పుడు కొంచెం ఆలస్యంగా వినపడింది.

నాది ఇరవై తొమ్మిదీ ఎనభై ఆరు. ఆయనది ముప్పైయ్యీ సున్నా ఐదు. పై పదో వంతుకు పెంచితే నాది ఇరవై తొమ్మిదీ తొమ్మిది, ఆయనది ముప్పైయ్యీ ఒకటి.

"నువ్వెప్పుడు నొక్కినావన్నా?" అని అడిగాను.

"కారు దాటినాక."

"ఏది దాటినాక? ముక్కా, తోకా?"

"తోకేనమ్మా. ఎద్దుల ముక్కు దాటితే ఏమొస్తాది? బండ దాటల్ల. బండ వెనకంచు కాడ్నే మేము టేపు పట్టేది."

అక్కడే నేల మీద పుల్లతో లెక్క వేశాను. గీత దగ్గర కారు వేగం గంటకు ఎనభై అని అల్లుడు చెప్పాడు. అంటే సెకనుకు ఇరవై రెండు మీటర్లు. కారు పొడవు నాలుగు మీటర్లు. ముక్కు దాటాక తోక దాటడానికి పట్టేది సెకనులో పద్దెనిమిది వందో వంతులు. మా ఇద్దరి మధ్య తేడా పంతొమ్మిది. ఇద్దరి వేళ్లూ సరిగ్గానే పనిచేశాయి. తప్పు ఎవరిదీ కాదు. తప్పు ఉంటే కొట్టేయవచ్చు, లేని తప్పును ఏం చేయాలి?

ముక్కు గీత మీద పెట్టి బయలుదేరినప్పుడు ముక్కు తిరిగి వస్తేనే ఒక చుట్టు. తోక వరకు ఆగితే ఒక చుట్టుకు పైన ఇంకో నాలుగు మీటర్లు. ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. కానీ రెండు గడియారాలు తేడా చూపితే ఎక్కువ కాలాన్నే రాయాలన్నది బడి పోటీల నియమం. నేను ఎందరో పిల్లల మీద దాన్ని అమలు చేశాను. ఆ నియమం రెండు గడియారాలూ ఒకే దాన్ని కొలిచినప్పటిదా, ఎప్పటికీ వర్తించేదా అని ఆ పిల్లలెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

పెద్దాయన మంచి మనసుతో అన్నాడు: "నాది తీసెయ్ టీచరమ్మా. నీదే రాయి. అల్లుని కారు గదా, పోనీలే."

ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. "ఒకటీ ముప్పైయ్యీ ఒకటి" అని అందరికీ వినపడేలా చెప్పి రాసేశాను.

అల్లుడు హెల్మెట్టు తీసి, "సరేలేత్తా" అన్నాడు. నియమాన్ని పాటించానో, ఆ పోనీలే అన్న మాటకు పౌరుషపడ్డానో దారి పొడుగునా నాకు తేలలేదు.

ఇంట్లో మా అమ్మాయి తలుపు దగ్గరే అడిగింది. అతను "రాలే. అమ్మేస్తాం" అని చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆమె నా పుస్తకం తీసుకొని చదివింది. ఎక్కువ కాలం పెద్దగా రాసి ఉంది. పక్కన నాదీ, పెద్దాయనదీ చిన్న అంకెల్లో ఉన్నాయి.

"నీ గడియారంలో ఎంతొచ్చిందిమా?"

"ఇరవై తొమ్మిదీ తొమ్మిది. కానీ రెండు గడియారాలుంటే..."

"రెండో గడియారం సంగతి నేను ఎత్తలేదు గదా. మా అమ్మ గడియారంలో అన్యా."

"నియమమట్ల లేదు."

"అది మీ ఆటల నియమం. ఇది నేనిచ్చిన మాట. నాకిష్టం లేదని మాట మార్చుకుంటే నువ్వు నన్ను పెంచినట్టేనా?"

ఆ కారు పోవాలని ఇన్ని నెలలు పోరిన మనిషి దాన్ని ఉంచుతోంది. దాన్ని ఉంచుకోవడానికి ఇంత కష్టపడిన మనిషికి కాదని చెప్పి వచ్చినదాన్ని నేను. అల్లుడు తుండుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. అతను తుండును మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

"అమ్మేస్తామని దారిలో మనసు సరిపెట్టుకున్యా" అన్నాడు. "టైర్లు పూర్తిగా పొయ్యినాయి. ఇప్పుడు మల్లా కొత్తవి ఎయ్యల్ల."

"ఎయ్యిపో. ఎవరొద్దన్యారు?" అంది మా అమ్మాయి కోపంగా.

ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. గెలిచినవాళ్లు ఎవరో, ముందు ఎవరికి వడ్డించాలో తెలియక, ఎవరి చారు వాళ్లం పోసుకున్నాం.