పట్టుకునే ఉన్నాను

ఆ ఈతకొలనుకు వచ్చే పిల్లలు ఆమెను చేప టీచరనేవారు, పెద్దలు టీచరమ్మ అనేవారు. పందొమ్మిదేళ్ళుగా అక్కడ ఆడవాళ్ళకూ పిల్లలకూ ఈత నేర్పిన మనిషి. అలాంటామెను తీసుకెళ్ళి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. పోనీ, నీళ్ళలో ఏదైనా జరిగి నడుము పోయిందా అంటే అదీ కాదు. గట్టు మీదున్న బ్లీచింగ్ పౌడరు డ్రమ్మును వంగి ఎత్తబోయింది, అంతే! నడుములో డిస్కు జారింది, ఎడమకాలు మొద్దుబారింది, ఆపరేషన్ దాకా వచ్చింది.

ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఇంట్లోనే. వంగకూడదు, బరువెత్తకూడదు, పక్కకు తిరగాలంటే ఒళ్ళంతా ఒకేసారి తిప్పాలి. బస్సుల డిపోలో మెకానిక్కుగా చేసే భర్తే చెప్పులు తొడిగేవాడు, స్టూలు మీద కూర్చోబెట్టి స్నానం చేయించేవాడు. ఆమెకు మాత్రం ఒకటే కోరిక.

"ముఖం మీద పొయ్యండి. ఆపకుండా పొయ్యండి."

"ఊపిరాడొద్దూ?"

"నేను బిగబట్టుకుంటాలెండి. మీరు పోస్తూనే ఉండండి."

అతను చెంబు మీద చెంబు పోసేవాడు. ఆమె కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, లోలోపల అంకెలు లెక్కపెట్టుకునేది. ముప్ఫై దాటేసరికి బకెట్టు ఖాళీ అయ్యేది. "అయిపోయాయే" అని అతనంటే చిన్నపిల్లలా మూతి ముడుచుకునేది. తర్వాత అతను నడుము మీది ఆపరేషన్ గాటు చుట్టూ మందు రాసేవాడు.

"రాస్తున్నారా?"

"రాసి చెయ్యి కూడా కడుక్కొచ్చాను."

ఆ గాటు చుట్టూ అరచేతి మేర స్పర్శ పోయింది. ఏడాదికి వస్తుందేమో, రాకపోవచ్చు కూడా అన్నాడు డాక్టరు. దానికి ఆమె పెద్దగా బెంగపడలేదు. ఆమె బెంగంతా వేరే.

నాలుగో నెలలో కిటికీ పనికి వచ్చింది. అక్కడ కూర్చోవడం ఇంట్లో పడుకోవడం కన్నా నరకమైంది. ఎదురుగా అద్దం, అద్దానికి అవతల నీళ్ళు. కొత్తగా వచ్చిన టీచరు పిల్ల గట్టు మీద నిలబడి ఈల వేస్తుంటే ఈమె కాళ్ళు బల్ల కింద వాటంతటవే ఆడేవి. ఈత ముగించుకుని వెళ్ళే ఆడవాళ్ళు కిటికీ దగ్గర ఆగి కబుర్లాడితే వాళ్ళ జుట్టులోంచి బల్ల మీద చుక్కలు పడేవి. వాటిని వెంటనే తుడిచేది కాదు. వేలితో రాసి, ఆ క్లోరిన్ వాసన పీల్చేది. తన జుట్టులో ఆ వాసన పోయి ఎన్నాళ్ళయిందో! పందొమ్మిదేళ్ళూ దాన్ని వదలగొట్టుకోవాలని షాంపూలు మార్చి మార్చి వాడింది కూడాను.

ఎనిమిదో నెల రాగానే డాక్టరు నీళ్ళలోకి దిగమన్నాడు. "ముందు నడవండి. ఆ తర్వాత వెల్లకిలా తేలండి. నడుముకు అంతకన్నా మంచి మందు లేదు."

నడక బాగానే సాగింది. ఛాతీ లోతు నీళ్ళలో మూడు వారాలు అటూ ఇటూ నడిచింది. వెనక్కి వాలబోతే మాత్రం నడుము కొయ్యబారిపోయేది, కాళ్ళు నేలను పట్టుకుని వదిలేవి కావు. ఎంత సిగ్గు! వందలమందిని తేల్చినామె తాను తేలలేకపోయింది. ఒకరోజు దుస్తులు మార్చుకునే గదిలో తలుపేసుకుని ఏడ్చింది.

మేనేజరు చెడ్డవాడేం కాదు, కానీ అతని ఇబ్బంది అతనిది. "ఒకటో తారీఖున కొత్త బ్యాచ్ మొదలు. నీళ్ళలో దిగి నేర్పగలనంటే మీ పేరు రాస్తాను. లేకపోతే ఆ అమ్మాయినే ఉంచేస్తాం. కిటికీ ఎలాగూ మీదే, దిగులు పడకండి" అన్నాడు. దిగులంతా ఆ కిటికీయేనని అతనికెలా చెప్పడం?

ఒకటో తారీఖు ఇంకా నాలుగు రోజులుంది.

తేలడం నేర్పడానికి ఆమె దగ్గర ఒక కిటుకుండేది. వీపు కింద చెయ్యి పెట్టి "పట్టుకునే ఉన్నాను, పట్టుకునే ఉన్నాను" అంటూ, మెల్లిగా చెయ్యి తీసేసేది. మాట మాత్రం ఆపేది కాదు. అవతలివాళ్ళు నిశ్చింతగా తేలుతూ ఉండేవారు. ఇప్పుడు ఆమెను ఎవరు పట్టుకున్నా, ఎప్పుడు వదిలేస్తారో అన్న అనుమానమే. కొత్త టీచరు పట్టుకుంటానంటే వద్దంది. తన కిటుకు తనకే పనికిరాకుండా పోయింది పాపం!

ఆమెకు అబద్ధమాడని మనిషి కావాలి. అలాంటిది ఒక్కతే ఉంది, కుట్టుమిషను పిన్ని. బ్లౌజులు కుట్టే ఆ పిన్ని యాభై ఆరేళ్ళ వయసులో నాలుగు నెలలు ఈమె దగ్గరే కష్టపడి తేలడం నేర్చుకుంది. టీచరు ఎప్పుడో చెయ్యి తీసేసిందని తెలిసిన రోజు కొలనంతా దద్దరిల్లేలా తిట్టింది. "నిలువునా మోసం చేశావు కదే! నేనైతే చచ్చినా ఇలాంటి అబద్ధమాడను" అంది. వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు టీచరమ్మ ఆ పిన్నినే ఛాతీ లోతు నీళ్ళలోకి పిలిచి పక్కన నిలబెట్టుకుంది.

"పిన్నీ, గాటు కిందే పెట్టు చెయ్యి. నా భయమంతా అక్కడే. నేను చెప్పేదాకా తియ్యకు."

"తియ్యనన్నానుగా."

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ. ముందు నువ్వు వాలు."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని వాలింది.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

చెవులు నీళ్ళలో మునిగాయి. ఈల, పిల్లల గోల అన్నీ దూరమైపోయాయి. పాదాలు నేలను వదిలాయి. నడుములో బిగుసుకున్నదేదో ఒక్కొక్క ముడీ విడిపోతున్నట్టు సడలింది. కళ్ళు తెరిస్తే పైన అవే ఏడు ట్యూబులైట్లు. మూడోది అప్పుడూ వెలిగేది కాదు, ఇప్పుడూ వెలగడం లేదు. దాన్ని చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేం. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

లేచి నిలబడి ముఖం తుడుచుకుంది. "చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది పాపం. ఇంతసేపు ఎలా పట్టుకున్నావు పిన్నీ?"

పిన్ని ముఖం పాలిపోయింది.

"తిట్టనంటే చెబుతాను."

"తీసేశావా?"

"తియ్యడానికి పెడితే కదా! ఆ గాటు దగ్గర చెయ్యి పెట్టాలంటే నాకు ఒణుకు పుట్టింది. నొప్పెడుతుందేమో, ఏదైనా అయిపోతుందేమోనని... రెండు చేతులూ ఇదిగో, ఇలా గుండెలకు ఆనించుకునే నిలబడ్డాను. ఊరికే పట్టుకున్నానన్నాను. నా నోరు పడిపోను, ఒట్టేసి మరీ అబద్ధమాడాను."

టీచరమ్మ చెయ్యి వెనక్కి పెట్టి గాటు తడుముకుంది. వేళ్ళకు గాటు తెలిసింది కానీ, గాటుకు వేళ్ళు తెలియలేదు. ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. పిన్ని కంగారుగా దగ్గరకొచ్చి భుజం పట్టుకోబోయింది.

"వద్దు పిన్నీ" అంది ఆమె. "ఇందాకటిలాగే నిలబడు. పట్టుకున్నానని మాత్రం అంటూ ఉండు."

"మళ్ళీ అబద్ధమాడమంటావా?"

"ఆడు."

కిటికీ దగ్గర ఎవరో టికెట్ల కోసం గంట కొడుతూనే ఉన్నారు. ఆమె కళ్ళు తెరుచుకునే వెనక్కి వాలింది.