సత్తిరాజు బండిలోంచి తీసిన రెండు జెట్లు

గుండుగొలను దగ్గర హైవే మీద దిగాను. ఉదయం పదకొండున్నర. భాద్రపద మాసం. ఎండ లేదు, ఉక్క. అక్కణ్నుంచి కొల్లేటి వైపు కొంతదూరం తారు రోడ్డు, కొంతదూరం కంకర రోడ్డు, ఆ తరువాత చెరువు గట్టు. గట్టు మీద ఒక ట్రాక్టరు పడుతుంది, రెండోది పట్టదు. రెండు వైపులా నీళ్లు. నా దగ్గర ఒక ట్రంకు పెట్టె, దోమతెర, టార్చిలైటు, రబ్బరు బూట్లు ఉన్నాయి. గట్టు చివర రేకుల షెడ్డు, అందులో రెండు నులక మంచాలు. అదే నా పోస్టు.

తాడేపల్లిగూడెంలో నన్ను ఎవరు కలిసినా బోర్డరు గురించే అడుగుతారు. పదిహేడేళ్లు సైన్యంలో చేశాను, సిగ్నల్స్‌లో హవల్దారుగా రిటైరయ్యాను. మంచు గురించి చెప్పమంటారు, కాల్పుల గురించి చెప్పమంటారు. చెప్తాను. విని, టీ తాగి వెళ్లిపోతారు. కానీ నేను ఒక మనిషి మీద నిజంగా పగబట్టింది బోర్డరులో కాదు, కొల్లేట్లో. అక్కడ నలభై ఆరు రోజులు డ్యూటీ చేశాను. దాని సంగతి ఎవరూ అడగరు గనక నేనే చెప్తున్నాను.

అది మా బావ లీజుకు తీసుకున్న చేపల చెరువు. పద్దెనిమిది ఎకరాలు. పట్టుబడికి రెండు నెలలుందనగా బావ గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఏలూరు ఆసుపత్రిలో మంచం మీద నుంచే నాకు ఆర్డర్లిచ్చాడు. రోజుకు పన్నెండు బస్తాల మేత. ఆరింటికి మొదలు, ఎనిమిదింటికి పూర్తి. ఒక్కరోజు కూడా తగ్గకూడదు. అక్క నాతోపాటు బయటికొచ్చింది. వరండాలోకి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి చెరువు పోతే మేం ఇంక లేవలేం తమ్ముడూ" అంది.

బావ చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. నా అసలు ఆర్డరు అదే.

షెడ్డులో నాతోపాటు మేత పడవ నడిపే పెద్దాయన ఉండేవాడు. వానలకు లారీ గట్టు మీదికి రాలేదు. మేత బస్తాలు కంకర రోడ్డు చివర దించి పోయేది. అక్కణ్నుంచి పడవ దాకా మోసేది బావ పాత మోటారు సైకిలు. హండ్రెడ్ సీసీ, వయసు ఇరవై పైనే. ఒక బస్తా ముందు ట్యాంకు మీద, ఒకటి వెనక సీటు మీద. ఆరు ట్రిప్పులు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి, నీళ్లలో పాతిన గడకర్రలకు కడతాం. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. బండి దిగేసరికి నా చొక్కా, కనుబొమలు, ట్యాంకు అన్నీ తెల్లగా ఉండేవి.

పక్క చెరువు కాపలాదారు పేరు సత్తిరాజు. యాభై దాటినవాడు, సన్నటి మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ గట్టు మీదే ఉంటున్నాడు. అతనిదీ మా బావ బండి లాంటి బండే, అదే కంపెనీ, అదే మోడలు. దాని ట్యాంకు మూతకి ఒక ప్లాస్టిక్ కవరు, దారంతో కట్టి ఉండేది. ముసలి బండికి ఈ ముచ్చటేమిటని మొదటి రోజే నవ్వుకున్నాను.

నాలుగో రోజు మబ్బు పట్టింది. సత్తిరాజు మధ్య గట్టు దాటి వచ్చాడు.

"ఏవండీ, మబ్బేసింది కదండీ. ఈ పూట మేత సగం తగ్గించండి. నీళ్లలో గాలి చాలదు" అన్నాడు.

వాళ్ల చెరువు, మా చెరువు ఒకే వారంలో పట్టుబడికి వస్తాయి. మా చేప చిన్నగా ఉంటే వాళ్ల చేపకి గిరాకీ. నాకు వెంటనే అదే తోచింది. మా ఆర్డర్లు మా బావ ఇస్తాడని చెప్పాను. అలాగేనండి అని వెళ్లిపోయాడు. తిరగబడి ఒక మాట అనుంటే బాగుండేది. ఆ మెత్తదనం చూసి నాకు ఒళ్లు మండింది.

తొమ్మిదో రోజు స్నానం చేసి వస్తూ చూశాను. సత్తిరాజు నా బండి పక్కన నిలబడి ఉన్నాడు. చెయ్యి ట్యాంకు మీద ఉంది. నన్ను చూసి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు, ఏదో చెప్పబోయాడు. నేను నిలబడి చూసిన చూపుకి ఆగి, తన గట్టు వైపు నడిచాడు.

పదో రోజు, ఆరూ పది. నలభై కిక్కులు కొట్టాను, బండి స్టార్టు కాలేదు. చోక్ లాగితే పట్టుకుంది. చోక్ వదిలితే ఆగింది. యాక్సిలరేటరు తిప్పితే దగ్గి ఆగింది. ఆ రోజు పన్నెండు బస్తాలూ నేనూ పెద్దాయనా భుజాన మోశాం.

నాకు వైర్‌లెస్ సెట్ కళ్లు మూసుకుని విప్పడం వచ్చు. ఇంజిను గురించి ఓనమాలు కూడా రావు. మా యూనిట్లో బళ్లు బాగుచేసిన మెకానిక్‌ది కామవరపుకోట. ఫోన్ చేశాను. మాకిద్దరికీ పాత అలవాటు, ముక్తసరిగా మాట్లాడుకుంటాం.

"పెట్రోలు దిగుతోందా?"

"దిగుతోంది."

"ప్లగ్గు దగ్గర నిప్పు?"

"నీలంగా ఉంది."

"అయితే కార్బొరేటరే సార్. విప్పండి."

విప్పాను. గంటా యాభై నిమిషాలు పట్టింది. ఒక స్క్రూ తల అరగదీశాను, ఒక స్ప్రింగు నీళ్లలో పోగొట్టుకుని బురదలో దేవులాడి తీశాను. అడుగున ఉండే చిన్న గిన్నె ఊడదీస్తే అందులో పెట్రోలుతోపాటు తెల్లటి ముద్ద కనిపించింది, పలచటి గంజిలా. పైన రెండు ఇత్తడి జెట్లు. వాటి మధ్య వెంట్రుకంత చిల్లు ఉంటుందని, దాన్లోంచి చూస్తే ఆకాశం కనబడాలని మెకానిక్ చెప్పాడు. ఏమీ కనబడలేదు. ఇనప తీగ పెట్టొద్దన్నాడు. వల అల్లే నైలాన్ దారం పెట్టి పొడిచాను, నోటితో ఊదాను. ఆకాశం కనబడింది. బిగించి కొడితే మూడో కిక్కుకి స్టార్టయింది.

ఆ ముద్ద సంగతి మెకానిక్‌కి చెప్పాను. ట్యాంకు మూత దగ్గర చూశారా, ట్యాపులో వడకట్టే జాలీ ఉందా, ఎయిర్ ఫిల్టరు దులిపారా అని వరసగా అడిగాడు. నేను ఒక్కటీ చూడలేదు. అన్నీ బాగానే ఉన్నాయని చెప్పాను.

"ఇది చేతులతో చేసిన పని" అన్నాను.

"ఎవరి చేతులు సార్?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

మూడు రోజులకు బండి మళ్లీ ఆగింది. నాలుగు రోజులకు మళ్లీ. విప్పడం నేర్చుకున్నాను. రెండోసారి యాభై నిమిషాలు, నాలుగోసారి ఇరవై రెండు. వేళ్ల సందుల్లో పెట్రోలు వాసన పోయేది కాదు. గిన్నె కడిగిన ప్రతిసారీ సత్తిరాజుని తిట్టుకున్నాను. కాపలా కూడా కాశాను. రెండు పగళ్లు షెడ్డు వెనక తుంగలో కూర్చుని దోమల చేత కుట్టించుకున్నాను. అతను నా బండి దగ్గరికి రాలేదు. దొరకలేదు గనక ఎంత జిత్తులమారో అనుకున్నాను తప్ప, రాలేదు గనక చేయలేదేమో అనుకోలేదు.

పగ పెంచుకోవడం బాగుంటుంది. ఇది దాచను. పొద్దున్నే లేవడానికి నాకు అదొక పని అయింది. అతను ఎప్పుడు అన్నం తింటాడు, ఎప్పుడు పడుకుంటాడు, బండి ఏ వైపు తిప్పి పెడతాడు, అన్నీ రాసుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా షెడ్డులో నిద్ర. బండి బయట, కొబ్బరి మట్టల పందిరి కింద.

ముప్ఫై ఒకటో రోజు, రెండూ ఇరవై. చెప్పులు విడిచి మధ్య గట్టు దాటాను. లోపలి నుంచి గురక వినిపిస్తోంది. పెట్రోలు ట్యాపు కట్టేశాను, గిన్నె ఊడదీశాను, రెండు జెట్లూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. గిన్నె బిగించాను. మొత్తం పదకొండు నిమిషాలు. అతని గిన్నెలో పెట్రోలు తేటగా ఉంది. అది చూసి ఇంకా మండింది. తన బండి ఇంత శుభ్రంగా పెట్టుకుని నా దాంట్లో చెత్త పోస్తాడా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న మంచం గట్టు మీద వేసుకుని, టీ తాగుతూ, అతను కిక్కు కొట్టి కొట్టి చెమటలు కక్కుతుంటే చూడాలి. నేను కోరుకున్నది అంతే. ఆ సాయంత్రం జేబు మీద చెయ్యి వేసి ఎన్నిసార్లు తడుముకున్నానో.

ముప్ఫై రెండో రోజు, అయిదూ అయిదు. వరసగా మూడు రోజుల మబ్బు. గాలి లేదు. ఆ మూడు రోజులూ నేను పన్నెండు బస్తాలూ వేశాను. పెద్దాయన వచ్చి భుజం తట్టాడు.

"చేపలు పైకొచ్చేశాయండి."

చెరువంతా మూతులే. మూతులు నీటిపైకి పెట్టి గాలి మింగుతున్నాయి. నీళ్లలో ప్రాణవాయువు అయిపోతే అలా చేస్తాయి. గంట గడిస్తే తిరగబడి తేలతాయి. ఉన్న ఒక్క పంపు ఇంజినూ పెద్దాయన స్టార్టు చేశాడు. పద్దెనిమిది ఎకరాలకు అది ఏ మూలకి. ఆక్సిజన్ గుళికలు చల్లాలి. స్టాకు పెట్టుకోలేదు, నా తప్పే. కొట్టు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫోన్ చేస్తే, గుళికలు ఉన్నాయి, పంపడానికి మనిషి లేడు, వచ్చి పట్టుకెళ్లమన్నాడు కొట్టు ఆయన.

నా బండి కిక్కు కొట్టాను. దగ్గింది. మళ్లీ కొట్టాను. అదీ లేదు.

సత్తిరాజు మధ్య గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా చెరువు చూశాడు, నా బండి చూశాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. తన దగ్గర గుళికలు నిన్ననే అయిపోయాయని, తన బండి మీద వెళ్లి తెస్తానని వెనక్కి పరుగెత్తాడు. అక్కణ్నుంచి కిక్కుల చప్పుడు వినిపించింది. పది. ఇరవై. నేను చూడాలనుకున్నది సరిగ్గా అదే. టీ గ్లాసు ఒక్కటే తక్కువ. అతను తిరిగి వచ్చేసరికి చొక్కా చెమటకి తడిసిపోయింది.

"నా బండీ పట్టుకోవట్లేదండి. ఎప్పుడూ ఇలా చేయలేదు. మీరు మీది విప్పండి, ఈలోగా నేను నీళ్లు కొడతాను."

మేత కలిపే బేసిన్ తీసుకుని చెరువులోకి దిగాడు. ఛాతీ లోతు. బేసిన్‌తో నీళ్లు పైకెత్తి చిమ్మసాగాడు. అలా చేస్తే నీళ్లలో కాస్త గాలి కలుస్తుంది.

నేను గిన్నె విప్పాను. ముద్ద నిండుగా ఉంది. ఈసారి ట్యాంకు మూత తీశాను. మూత గాడిలో, చుట్టూ, లోపలి అంచు మీద తవుడు పేరుకుని ఉంది. నిన్న పొద్దున్న నేను మోసిన తవుడు. మూత తీసినప్పుడల్లా అది పొడిపొడిగా లోపలికి రాలుతోంది. ట్యాపులో జాలీ లేదు. ఎప్పుడో ఊడిపోయినట్టుంది. నా బండిలో చెత్త పోసినవాణ్ని అప్పుడు చూశాను. పన్నెండేసి బస్తాలు, నెల రోజులు, ప్రతి ట్రిప్పూ ట్యాంకు మీద పెట్టుకుని మోసినవాడు.

నా ట్యాంకు కడిగే టైము లేదు. జేబులోని జెట్లు తీసుకుని అతని బండి దగ్గరికి పరుగెత్తాను. తొమ్మిది నిమిషాలు. ప్లగ్గు తుడిచి కొట్టాను. నాలుగో కిక్కుకి పట్టుకుంది. ఆరు కిలోమీటర్లు ఎలా వెళ్లానో తెలియదు. ఆరూ ఇరవైకి గుళికలతో తిరిగొచ్చాను. పడవ మీద పెద్దాయన, గట్టు మీద నేను చల్లాం. ఏడున్నరకు మూతులు కిందికి దిగాయి. ఉత్తరం మూలవి దిగలేదు. వాటిని పడవలోకి ఎత్తడానికి మధ్యాహ్నం అయింది. చెరువులో మూడో వంతు పోయింది.

సత్తిరాజు గట్టు మీద కూర్చున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నేను ఎదురుగా నిలబడి, జెట్లు తీసింది నేనేనని చెప్పాను.

"తెలుసండి" అన్నాడు.

లుంగీ పిండుకుంటూ మళ్లీ అన్నాడు. "మీ మూత దగ్గర తవుడు పేరుకుందని ఆవేళ తుడిచానండి. ఇక్కడ అందరం కవరు కట్టుకుంటాం. చెబుదామనే వచ్చాను. మీరు చెప్పనిచ్చే మనిషి కాదు కదండీ."

నన్ను కొట్టమన్నాను. నిజంగానే అన్నాను. నా తల మీద రాయి వేసినా నాకు సుఖంగా ఉండేది. అతను బండి తాళం కోసం చెయ్యి చాపాడు, తీసుకుని వెళ్లాడు. తరువాత పద్నాలుగు రోజులు మా గట్టు వైపు చూడలేదు.

నలభై ఆరో రోజు పట్టుబడి అయింది. ఉన్న చేప బరువు తూగింది. అక్కావాళ్లు చెరువు వదులుకోలేదు, కానీ వాళ్లు ఆశపడినట్టూ జరగలేదు. ఏలూరులో బావకు అంతా చెప్పాను. మూతకి కవరు కట్టమని చెప్పడం మర్చిపోయానురా అన్నాడు. ఒక్క క్షణం నా పగ బావ మీదికి తిరిగింది. దానికి అలవాటు పోలేదు. అక్క నాకు అన్నం పెట్టింది. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం బస్సెక్కాను.

ఆరేళ్లయింది. నేను జెట్లు బిగించి అతని బండి స్టార్టు చేసినప్పుడు సత్తిరాజు ఛాతీ లోతు నీళ్లలో, నాకు వీపు పెట్టి ఉన్నాడు. ఇరవై ఏళ్లుగా విన్న తన బండి చప్పుడు. బేసిన్ పట్టుకున్న చేతులు గాలిలో ఆగిపోయాయి. వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, బండిని చూశాడు, నా చేతిలో స్క్రూడ్రైవరు చూశాడు. అతనికి అర్థమైపోయింది, అర్థమైపోవడం నాకు కనబడింది. అతను మళ్లీ అటు తిరిగి, బేసిన్ నీళ్లలో ముంచి, నా చేపల కోసం నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాడు.